ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టండి: ఇల్లు బాగుచేయించాక లోపలి గాలి సంగతి

మా చెల్లెలి పెళ్లికి ముందు నెల్లూరులో మా ఇంటిని ఆసాంతం బాగుచేయించాం. పాత గచ్చు లేపి టైల్స్ వేశారు, వంటగదిలో గట్టు మార్చారు, మూడు గదుల్లో కొత్త కబోర్డులు కట్టారు. పెళ్లికి రెండు రోజుల ముందు దాకా తలుపులకు పాలిష్ కొడుతూనే ఉన్నారు. "వాసన పోతుందా?" అని అడిగితే, "రెండ్రోజులకి పోద్ది సార్, ఏం కాదు" అన్నాడు పెయింటర్. బంధువులొచ్చారు, ఏసీలు వేసుకుని కిటికీలు బిగించుకుని పడుకున్నారు. తెల్లారేసరికి సగం మందికి కళ్లు ఎర్రబడ్డాయి, పిల్లలకి దగ్గు పట్టుకుంది. "అప్పగింతల ఏడుపు అప్పుడే మొదలైందేమే!" అని మా పిన్ని నవ్వేసింది. మా అమ్మ మాత్రం రాత్రి పదింటికే చాప చంకన పెట్టుకుని వరండాలోకి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో ఆ రాత్రి తెలివైన పని చేసింది ఆవిడొక్కతే.

ఆ తర్వాత మా ఇంట్లో, చుట్టాల ఇళ్లలో ఇంకో రెండు రిపేర్లు దగ్గరుండి చూశాను. చేసిన తప్పులే నేర్పాయి కాబట్టి, ఇల్లు బాగుచేయించుకోబోతున్నవాళ్లకి, ఇప్పటికే చేయించి తలనొప్పితో కూర్చున్నవాళ్లకి పనికొచ్చేలా వరసగా చెబుతాను.

ముందు అసలు గొడవ ఏమిటో తెలుసుకోండి

"కొత్తింటి వాసన" అని మనం మురిసిపోయేది ఒక్క వాసన కాదు. అందులో నాలుగు వేర్వేరు సంగతులున్నాయి, ఒక్కోదానికి ఒక్కో మందు.

మొదటిది దుమ్ము. టైల్స్ కోసినప్పుడు, లప్పం పెట్టి ఉప్పు కాగితంతో రుద్దినప్పుడు లేస్తుంది. సరిగ్గా తుడిస్తే వారంలో తేలిపోయే పని.

రెండోది థిన్నర్, టర్పెంటైన్, పాలిష్, రబ్బరు జిగురు లాంటివాటి ఆవిర్లు. ముక్కు పగిలేలా కొడతాయి గానీ, గాలి ఆడితే రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో తగ్గుతాయి.

మూడోది మొండిది. ప్లైవుడ్, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డుల్లో చెక్క పొరల్ని, పొట్టుని కలిపి పట్టుకునే జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు మెల్లగా వస్తూ ఉంటుంది. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి. కబోర్డు తలుపు తీయగానే కళ్లు చురుక్కుమని నీళ్లు తిరుగుతాయే, అది ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందనే పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల వర్గంలో చేర్చింది. అలాగని కబోర్డు తీసిన ప్రతివాళ్లూ హడలిపోనక్కర్లేదు. ఎంత మోతాదు, ఎన్నాళ్లు పీల్చారు అన్నదే లెక్క. ఇళ్లలో అరగంట సగటున ఘనపు మీటరు గాలికి 0.1 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో హద్దు పెట్టింది.

నాలుగోది చెమ్మ. దీని సంగతి కింద వేరేగా చెబుతాను, ఎందుకంటే మన కోస్తాలో దీన్నే అందరూ తక్కువగా చూస్తారు.

ఇంకో సంగతి. ఫార్మాల్డిహైడ్ వేడికీ, తేమకీ ఎక్కువగా బయటికొస్తుంది. మే నెల నెల్లూరులో ఈ రెండూ పుష్కలం. పొద్దుటి నుంచి మూసేసిన ఇంట్లోకి సాయంత్రం అడుగు పెడితే తల తిరగడం ఊరికే కాదు.

క్యాలెండరు దగ్గర మొదలుపెట్టండి

మనం చేసే పెద్ద తప్పు ఇక్కడే. పంతులుగారు ముహూర్తం పెడతారు, ఆ తేదీకి పని పూర్తి చేయమని మేస్త్రిని తరుముతాం. మేస్త్రి సరిగ్గా ముందురోజు రాత్రికి పూర్తి చేస్తాడు. ఆ మర్నాడే పాలు పొంగించి, వ్రతం చేసి, ఆనవాయితీ కాబట్టి ఆ రాత్రి ఇంటిల్లిపాదీ అక్కడే పడుకుంటాం. అంటే వాసన అత్యధికంగా ఉండే రాత్రినే, ఇంట్లో అత్యధికంగా జనం ఉండే రాత్రిగా మనమే ఎంచుకుంటున్నాం.

దీన్ని తిరగేయండి. ముహూర్తం తేదీ రాసుకుని వెనక్కి లెక్కపెట్టండి. దానికి ముందు మూడు వారాలు ఇంట్లో ఏ పనీ ఉండకూడదు. ఖాళీ ఇల్లు, తెరిచిన కిటికీలు, అంతే. ఆ మూడు వారాలకి ముందు గోడల చివరి కోటింగు. దానికి ముందు తలుపులు, కబోర్డుల పాలిష్, గ్రిల్స్‌కి ఎనామిల్. అంతకు ముందు వుడ్‌వర్క్. దానికి ముందు, ప్లాస్టరింగ్ కొత్తగా చేయించి ఉంటే, గోడలు ఆరడానికి నాలుగు వారాలు. గట్టి వాసన వచ్చే పనులు ముందు, మెల్లని పనులు వెనక అన్నమాట. చాలాచోట్ల దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది: గోడలకు రంగు ముగిశాక "మెరుపు పోతుంది" అని పాలిష్‌ని ఆఖరుకి ఉంచుతారు. పాలిష్ అయిన చెక్కకి పేపరు, టేపు చుట్టించండి, మెరుపు ఎక్కడికీ పోదు.

మీకు నెల ఎంచుకునే వీలుంటే, నా ఓటు వైశాఖ ముహూర్తానికి. సంక్రాంతి తర్వాత పని మొదలుపెడితే ఫిబ్రవరి, మార్చి పొడి నెలలు. గోడలు చక్కగా ఆరతాయి, కిటికీలు బార్లా తెరిచినా వాన భయం లేదు. కార్తీకంలో ముహూర్తం పెట్టుకుంటే ఈశాన్య రుతుపవనాల నడుమ రంగులు వేయాల్సి వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, తుపాన్లు. కిటికీ తెరవలేరు, గోడ ఆరదు. పంతులుగారికి ఈ మాట ముందే చెబితే ఆయనా ఇంకో తేదీ చూస్తారు.

కొనేటప్పుడే సగం వాసన తగ్గించుకోవచ్చు

ప్లైవుడ్ షాపులో "మంచిది ఇవ్వండి" అంటే సరిపోదు. షీటు మీద ముద్ర చూడండి. ఐఎస్ అంటే భారత ప్రమాణం. ఐఎస్ 303 ఎంఆర్ గ్రేడు (తేమని కొంతవరకే తట్టుకునేది) అంటే సాధారణంగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. ఐఎస్ 710, అంటే మెరైన్ ప్లై, ఫినాలిక్ జిగురుతో చేస్తారు; అది గట్టిగా పట్టుకుంటుంది, వాయువు తక్కువగా వదులుతుంది. ధర ఎక్కువే. అన్నిచోట్లా మెరైన్ పెట్టలేకపోతే పడకగది కబోర్డులకీ, పిల్లల గదికీ పెట్టండి, హాల్లో టీవీ యూనిట్‌కి మామూలుది వాడుకోండి. ముద్రతో పాటు ఈ1 లేదా ఈ0 అని రాసుందేమో అడగండి. అవి ఫార్మాల్డిహైడ్ ఎంత తక్కువగా వదులుతుందో చెప్పే తరగతులు, ఈ0 ఇంకా తక్కువ. షాపతను "అన్నీ ఈ1 యే సార్" అని నోటిమాటగా అంటే నమ్మకండి. షీటు మీదో, బిల్లు మీదో కనబడాలి.

ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు మీద నాకు మోజు లేదు. చూడ్డానికి నున్నగా ఉంటాయి, కానీ లోపలంతా పొట్టూ జిగురూనే. పైగా ఒక్కసారి నీళ్లు తగిలితే ఉబ్బిపోతాయి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నీళ్లొచ్చిన ఇళ్లలో కబోర్డుల అడుగుభాగాలు నానిన బిస్కెట్లలా అయిపోయాయి. పల్లపు కాలనీల్లో ఉన్నవాళ్లు వంటగట్టు కిందకైనా డబ్ల్యూపీసీ బోర్డు (చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది) ఆలోచించండి. దాన్ని ఈ జిగురుతో చేయరు, చెదా పట్టదు.

అసలు కిటుకు అంచుల దగ్గరుంది. బోర్డు ముఖానికి లామినేట్ వేస్తారు కాబట్టి వాయువు అటు నుంచి అంతగా రాదు. వచ్చేది కోసిన అంచుల నుంచి, స్క్రూ బెజ్జాల నుంచి, వెనక వైపు పచ్చిగా వదిలేసిన చెక్క నుంచి. అందుకని కార్పెంటర్‌తో ముందే మాట్లాడుకోండి: లోపల కూడా లైనర్ లామినేట్ (పల్చటి లోపలి పొర) వేయాలి, అన్ని అంచులకీ బ్యాండింగ్ (అంచుని మూసే పట్టీ) ఉండాలి, గోడ వైపు వీపుకి కూడా సీలర్ కొట్టాలి. "గోడ వైపు ఎవరు చూస్తారన్నా?" అంటాడు. చూడకపోయినా పీలుస్తామని చెప్పండి.

జిగుర్లలో తెల్లటిది, మామూలు ఫెవికాల్ లాంటిది, నీటితో చేసింది. ఆరితే గొడవ లేదు. తేనె రంగులో ఉండి డబ్బా మూత తీయగానే మత్తుగా కొట్టే రబ్బరు జిగురు ద్రావకాలతో చేసింది. దాన్ని తప్పనిసరి చోట తప్ప వాడనివ్వకండి. తొందరగా అంటుకుంటుందని అదే వాడేస్తుంటారు.

రంగుల విషయం తేలిక. గోడలకు వేసే ఎమల్షన్ నీటితో కలిపేది, వాసన తక్కువ. గొడవంతా తలుపులకు, గ్రిల్స్‌కి వేసే ఎనామిల్‌తోనూ, చెక్కకి కొట్టే మెలమైన్, పీయూ పాలిష్‌తోనూ. రెండింటికీ ఇప్పుడు నీటితో కలిపే రకాలు దొరుకుతున్నాయి. పెయింటర్ మూతి ముడుస్తాడు, అలవాటు లేక. ఒక చిన్న తలుపు మీద వేయించి చూడండి. సువాసన కలిపిన పెయింట్లు కూడా వస్తున్నాయి. వాటికి డబ్బులు దండగ, మల్లెపూల వాసన వేస్తే ఆవిర్లు పోవు.

పని జరుగుతున్నప్పుడు

దుమ్ముని పుట్టిన చోటే ఆపాలి. టైల్స్‌నీ, చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు రాయినీ పొడిగా కోయనివ్వకండి. కటింగ్ మిషన్ బ్లేడు మీద సన్నగా నీళ్లు పడుతూ ఉంటే దుమ్ము బురదై కిందకి జారిపోతుంది. ఇంకా మంచిది, కోసే పని ఇంట్లో కాకుండా బయట, గాలి ఇంటి నుంచి అవతలికి పోయే వైపు పెట్టించడం. టైల్స్, కాంక్రీటు, ఇసుక వీటన్నిటిలో సిలికా ఉంటుంది. కంటికి కనబడనంత సన్నని పొడి ఊపిరితిత్తుల్లో దిగితే మళ్లీ బయటికి రాదు. ఇల్లు మీదే అయినా రోజంతా ఆ పొడి పీల్చేది పనివాళ్లు. నాలుగు ఎన్95 మాస్కులు కొనిచ్చి, పెట్టుకున్నారో లేదో చూడండి. మొహానికి కట్టుకునే తువాలు ఈ పొడిని ఆపదు. అలాగే ఎన్95 దుమ్మునే ఆపుతుంది, థిన్నర్ ఆవిరిని ఆపదు.

పని మొదలవక ముందే ఏసీ లోపలి యూనిట్‌కి ప్లాస్టిక్ కవరు చుట్టి టేపు వేయండి. మేం వేయలేదు. పనయ్యాక ఏసీ ఆన్ చేస్తే లప్పం పొడి పౌడరు డబ్బా బోర్లించినట్టు మంచం మీద పడింది.

పాత ఇల్లయితే రెండు జాగ్రత్తలు, వీటి దగ్గర తొందర పడకండి. ఒకటి, పాత తలుపులు, గ్రిల్స్ మీది రంగు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామిల్‌లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం ఉండే అవకాశం బాగా ఎక్కువ. దాన్ని పొడిగా గీకినా, బ్లో ల్యాంపుతో కాల్చినా ఆ సీసం పొడిగానో పొగగానో ఇంట్లో చేరుతుంది. పాకే పిల్లలు నేల మీద చెయ్యి పెట్టి నోట్లో పెట్టుకుంటారు. నీళ్లు చల్లి వాటర్ పేపర్‌తో రుద్దించండి, కింద పట్టా పరిచి రాలింది అంతా మూటకట్టి తీసేయండి, ఆ రోజుల్లో చిన్నపిల్లల్ని, గర్భిణుల్ని అమ్మమ్మగారింటికి పంపండి.

రెండోది, మిద్దె మీదో, వెనక వసారాకో వేసిన పాత సిమెంటు రేకులు. వాటిలో పీలిస్తే ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్‌బెస్టాస్ నారలు ఉంటాయి. సుత్తితో పగలగొట్టడం, కోయడం వద్దు. నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, రేకుకి రేకు దించించండి.

చెమ్మ

ఒంగోలు, కావలి, నెల్లూరు గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. కొత్త ప్లాస్టరింగ్ గోడ నిండా నీళ్లు తాగి ఉంటుంది. పైకి ఆరినట్టు తెల్లగా కనబడగానే లప్పం పెట్టేస్తారు. లోపలి నీళ్లు బయటికి రాలేక, కబోర్డు వెనక, మంచం తలవైపు నల్లటి చుక్కలుగా బూజు లేస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకి రంగు వాసన కన్నా ఈ బూజు ఎక్కువ ప్రమాదం. రంగు వాసన తగ్గుతూ పోతుంది, ఇది పెరుగుతూ పోతుంది.

గోడ ఆరిందో లేదో చూసుకోవడానికి పైసా ఖర్చు లేని పద్ధతి ఉంది. పాల ప్యాకెట్టు కన్నా కొంచెం పెద్దదైన పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క తీసుకుని, నాలుగు వైపులా టేపుతో గోడకి గట్టిగా అంటించండి. మర్నాడు అదే వేళకి చూడండి. ప్లాస్టిక్ లోపలి వైపు సన్నటి నీటి బొట్లు పట్టి ఉన్నా, టేపు తీశాక ఆ చోటు మాత్రం ముదురుగా కనబడినా, గోడ ఇంకా తడిదే. ఇంకో వారం ఆగండి. బాత్‌రూం అవతలి గోడ దగ్గరా, వానజల్లు కొట్టే వైపు గోడ దగ్గరా తప్పకుండా చేయండి. పెయింటర్‌కి చూపిస్తే ఆ బొట్లే మీ తరపున మాట్లాడతాయి.

మార్కాపురం, కనిగిరి, ఉదయగిరి వైపు వాళ్లకి ఈ బెడద తక్కువ. వాళ్లకి ఎండే ఎక్కువ గొడవ.

కబోర్డుని గోడకి అతికించినట్టు బిగించకుండా ఒక వేలు మందం సందు వదిలించండి.

ఖాళీ ఇంటి మూడు వారాలు

పని అయిపోయింది. సామాను రాలేదు. ఇప్పుడే అసలు పని, కానీ ఇది గాలి చేసే పని.

కబోర్డు తలుపులు, సొరుగులు, అటక తలుపులు అన్నీ బార్లా తెరిచి ఉంచండి. సొరుగులు పూర్తిగా లాగి నేల మీద పెడితే ఇంకా నయం. పరుపులు, కర్టెన్లు, బట్టలు ఇప్పుడే తేకండి. అవి ఆవిర్లని పీల్చుకుని, తర్వాత నెమ్మదిగా వదులుతూ ఉంటాయి. మా చెల్లి పెళ్లి చీరలు కొత్త కబోర్డులో పెట్టాం. ఏడాది తర్వాత తీసినా మడతల్లోంచి అదే ఘాటు.

గాలి రావడం ఒక్కటే చాలదు, పోవడానికి దారి కూడా ఉండాలి. కోస్తా ఊళ్లలో వేసవి మధ్యాహ్నం దాటాక తూర్పు నుంచి సముద్రపు గాలి తిరుగుతుంది. అప్పుడు తూర్పు కిటికీలు తెరిచి, పడమటి కిటికీ దగ్గర స్టాండు ఫ్యాను మొహం బయటికి తిప్పి పెట్టండి. అవును, బయటికే. ఫ్యానుని గదిలోకి తిప్పితే ఉన్న గాలినే కలియబెడుతుంది. బయటికి తిప్పితే లోపలి గాలిని తోసేసి, తూర్పు నుంచి కొత్త గాలిని లాక్కొస్తుంది. వంటగది, బాత్‌రూం ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పగలంతా ఆడనివ్వండి. పొద్దుటి పూట వడగాలి కొట్టే రోజుల్లోనూ, పొదిలి, దర్శి లాంటి లోపలి ఊళ్లలోనూ, తెల్లవారి ఐదు నుంచి ఎనిమిది దాకా ఉన్న చల్లదనాన్ని వాడుకోండి.

ఎండ వేడికి వాసన త్వరగా బయటపడుతుందన్నది నిజమే. అలాగని "ఎండకి మూసేసి వదిలేస్తే కాగి పోతుంది" అని కొందరు చేసే పని తప్పు. మూసిన ఇంట్లో బయటపడిన ఆవిరి ఎక్కడికి పోతుంది? గోడలకి, పరుపులకి పడుతుంది. వేడి ఉండాలి, కిటికీ కూడా తెరిచి ఉండాలి.

ఏసీ గురించి చాలామందికి ఒక భ్రమ ఉంది. గోడకి బిగించే స్ప్లిట్ ఏసీ బయటి గాలి తేదు. గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ గదిలోకే వదులుతుంది. ఏసీ వేసుకుని తలుపులు మూసుకుంటే, ఆ గదిలో వచ్చే ప్రతి వాసనా అక్కడే తిరుగుతుంది. మా పెళ్లింట్లో జరిగింది ఇదే.

"కిటికీలు తెరిచి పోతే దొంగలు, దోమలు?" అంటారు. నెల్లూరు దోమల సంగతి నాకు చెప్పక్కర్లేదు. రంగుల కన్నా ముందే మెష్ బిగించేయండి. గ్రిల్స్ ఉన్న కిటికీలు రాత్రి కూడా వదలొచ్చు. లేనివాటికి పొద్దున రెండు గంటలు, సాయంత్రం మూడు గంటలు ఎవరైనా వెళ్లి తెరవాలి. రిటైరైన మామగారో, బాబాయో ఉంటే పేపరు చేతికిచ్చి పంపండి, కానీ వరండాలోనే కూర్చోమనండి.

ఇక్కడ ఒక పక్కమాట. పాత ఇళ్లలో కిటికీ పైన వెంటిలేటర్లు ఉండేవి. రిపేరు పేరుతో వాటిని ఇటుకలతో మూసేసి, కింద ఫాల్స్ సీలింగ్ వేసి, రెక్కల కిటికీలు తీసి స్లైడింగ్ యూపీవీసీ పెడుతున్నాం. స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది. పైగా బాత్‌రూం వెంటిలేటర్ మూసి, అందులోనే గ్యాస్ గీజరు పెట్టినవాళ్లని చూశాను. గ్యాస్ గీజరుకి గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది; దానికి వాసన లేదు, రంగు లేదు, ప్రాణం తీస్తుంది. గీజరు బాత్‌రూం బయట ఉండాలి, లేదా కరెంటుది పెట్టుకోండి. ఈ ఒక్క విషయంలో మేస్త్రి మాట వినకండి.

తుడవడం: చీపురు పట్టకండి

చిమ్మితే సన్నటి పొడి లేచి, చాలాసేపు గాల్లో తిరిగి, మళ్లీ అక్కడే దిగుతుంది. తడిగుడ్డతో పై నుంచి కిందికి రండి. ఫ్యాను రెక్కల పై భాగం, ట్యూబులైటు వీపు, తలుపుల పై అంచు, కిటికీ ట్రాక్ సందులు, స్విచ్‌బోర్డుల అంచులు (మెయిన్ ఆఫ్ చేసి), కబోర్డుల పై కప్పు, ఆఖరున నేల. బకెట్లో నీళ్లు తెల్లబడగానే మార్చండి. రెండు రోజులు వదిలి మళ్లీ ఒకసారి ఇదే పని. గాల్లో ఉన్నది కిందకి దిగడానికి ఆ వ్యవధి కావాలి.

రాత్రిపూట లైట్లార్పి ఫోన్ టార్చిని నేలకి సమాంతరంగా, నేలకి ఆనించినట్టు పట్టి చూడండి. పగలు అద్దంలా మెరిసిన టైల్స్ మీద పిండి జల్లినట్టు కనబడుతుంది. అది కనబడనంత వరకు తుడుపు పూర్తి కాలేదు. ఏసీ ఫిల్టర్లు కడిగి, సర్వీసు చేయించాకే వేయండి.

డబ్బులు వదిలించే చిట్కాలు

ఉల్లిపాయ ముక్కలు, ఉప్పు గిన్నెలు, నిమ్మచెక్కలు గదుల్లో పెడితే వాసన లాగేస్తాయంటారు. లాగవు. సాంబ్రాణి, అగరుబత్తి, కర్పూరం వాసనని కప్పుతాయి, పైగా పొగ కలుపుతాయి. రూమ్ ఫ్రెషనర్ అంటే ఇంకో రసాయనం కలపడమే.

మొక్కలు పెడితే గాలి శుభ్రమవుతుందన్న మాట 1989లో నాసా చేసిన ఒక ప్రయోగం నుంచి పుట్టింది. అది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగం. మామూలు ఇంట్లో ఆ ఫలితం రావాలంటే చదరపు మీటరుకి పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని 2019లో వచ్చిన ఒక సమీక్ష లెక్కగట్టింది. అంటే మంచం వేసుకోవడానికి చోటుండదు. మనీ ప్లాంట్ అందం కోసం పెట్టుకోండి.

ఎయిర్ ప్యూరిఫయర్‌లోని హెపా ఫిల్టరు దుమ్ముని బాగా పడుతుంది, వాయువుల్ని పట్టదు. వాయువులకి యాక్టివేటెడ్ కార్బన్ కావాలి, అదీ మందంగా, బరువుగా. పల్చటి నల్ల స్పాంజిలాంటి పొర ఉన్న మిషన్లు ఈ పనికి చాలవు. ఓజోన్ వదిలే మిషన్లని అసలు ఇంట్లోకి రానివ్వకండి, ఓజోన్ ఊపిరితిత్తులకి హాని. ఆన్‌లైన్‌లో దొరికే చవక మీటర్లలో ఫార్మాల్డిహైడ్ అంకె సెంటుకీ, శానిటైజరుకీ కూడా ఎగిరిపడుతుంది. ఆ అంకెని నమ్మకండి, నిన్నటికీ ఇవాళ్టికీ తగ్గిందా లేదా అన్నది చూసుకోవడానికి మాత్రం కాస్త పనికొస్తుంది.

ముహూర్తం రోజు

మూడు వారాలు దొరకలేదు, వైభవంగా చేయక తప్పదు అనుకుందాం. పాలు పొంగించండి, వ్రతం చేసుకోండి. హోమం వరండాలోనో, కిటికీలు తెరిచిన హాల్లోనో. థిన్నరు, పాలిష్ డబ్బాలు ముందురోజే ఇంట్లోంచి పంపించేయండి. థిన్నరు ఆవిరి గాలి కన్నా బరువు, నేల వెంట పాకుతుంది, దీపం కుందె దగ్గరికి కూడా. రాత్రి పడుకోవాలన్న ఆనవాయితీకి పెద్దవాళ్లు ఇద్దరు, తక్కువ పని జరిగిన గదిలో, కిటికీలు తెరుచుకుని, ఏసీ లేకుండా పడుకుంటే సరిపోతుంది. పసిపిల్లలు, గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు భోంచేసి పాతింటికి వెళ్లిపోవచ్చు.

దిగాక కూడా ఇబ్బందిగా ఉంటే

కళ్లు మండడం, గొంతు గరగర, తలనొప్పి, పొడి దగ్గు ఇంట్లో ఉన్నంతసేపూ ఉండి, బయటికెళితే గంటా రెండు గంటల్లో తగ్గుతుంటే అనుమానం ఇంటి మీదే. పిల్లికూతలు, ఆయాసం ఉంటే ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఇంట్లో ఈమధ్య ఏ పనులు జరిగాయో చెప్పండి. ఊపిరి ఆడనంత ఇబ్బందయితే 108కి ఫోన్ చేయండి.

వాసన ఎక్కడి నుంచో కనిపెట్టడానికి మీ ముక్కు పనికిరాదు, అది అలవాటు పడిపోయింది. రాత్రి గదుల తలుపులు విడివిడిగా మూసేసి, పొద్దున పక్కింటి వదినగారిని పిలిచి ఒక్కో తలుపూ తీసి వాసన చూడమనండి. గది తేలాక వస్తువు తేల్చాలి: సొరుగులోంచో, మిగిలిన ముక్కల్లోంచో చిన్న బోర్డు ముక్క తీసుకుని, ఖాళీ ఆవకాయ జాడీలో కాదు, శుభ్రంగా కడిగిన గాజు సీసాలో వేసి మూతపెట్టి గంటసేపు ఎండలో ఉంచండి. మూత తీయగానే ముక్కులో గుచ్చినట్టుంటే దొంగ దొరికినట్టే. ఆ కబోర్డు పచ్చి అంచులకి బ్యాండింగ్, వెనక వైపు నీటితో కలిపే సీలరు రెండు కోటింగులు వేయించండి. కొన్ని నెలలు అందులో స్టీలు సామాను పెట్టుకోండి, బట్టలు బీరువాలోనే ఉంచుకోండి.

మా ఇంట్లో ఆరు నెలల తర్వాత కూడా ఒక గదిలో వాసన పోలేదు. కబోర్డు తీసి చూశాం, గోడ చూశాం, ఏసీ విప్పించాం. చివరికి మా నాన్న మెట్ల కింద అర తలుపు తీస్తే, "మళ్లీ టచప్‌కి పనికొస్తుంది సార్" అని పెయింటర్ దాచిపెట్టిన సగం థిన్నరు డబ్బా, మూత సరిగ్గా పడకుండా, ఆ గది గోడకి ఆనించి ఉంది.